రోడ్డు పనికి ల్యాబ్‌లో ప్రాక్టర్ టెస్ట్: మట్టి బస్తా దించిన దగ్గర్నుంచి రిపోర్టు దాకా

ప్రాక్టర్ టెస్ట్ అంటే మౌల్డ్ అనే గుండ్రటి డబ్బాలో తడి మట్టి పొరలుగా వేసి, ర్యామర్ అనే బరువుతో కొట్టి, ఎంత తేమ దగ్గర మట్టి బాగా గట్టిపడుతుందో చూడటం. సైట్ ల్యాబ్‌లో కొత్తగా చేరిన పిల్లలు ఎక్కువగా అడిగే ప్రశ్న "అన్నా, ఎన్ని దెబ్బలు కొట్టాలి" అని. దెబ్బలు లెక్కపెట్టడం ఎవరికైనా వస్తుంది, ఇన్నేళ్ళలో నేను చూసిన తప్పు రిపోర్టుల్లో దెబ్బల తేడా వల్ల పోయినవి చాలా తక్కువ, మిగతావన్నీ నీళ్ళ దగ్గర పోయినవే. నీళ్ళు సరిగ్గా కలపకపోవడం, కలిపాక నానబెట్టకపోవడం, ఓవెన్‌లో పూర్తిగా ఆరకముందే తీసేయడం, ఈ మూడే. అందుకే ఈ గైడ్‌లో నీళ్ళ గురించే ఎక్కువ సోది ఉంటుంది, ఓపిగ్గా చదవండి.

టెస్ట్ ఎందుకో రెండు ముక్కల్లో చెప్తా. మట్టి మరీ పొడిగా ఉంటే రేణువులు ఒకదాని మీద ఒకటి జారవు, రోలర్ ఎంత తిప్పినా మధ్యలో గాలి అలాగే ఉండిపోతుంది. నీళ్ళు మరీ ఎక్కువైతే ఆ గాలి ఉండే చోట్లో నీళ్ళే కూర్చుంటాయి, నీళ్ళని రోలర్ అణచలేదు కదా. ఈ రెంటికీ మధ్యలో ఒక తేమ దగ్గర మట్టి బాగా గట్టిపడుతుంది, ఆ తేమని ఓఎంసీ (ఆప్టిమమ్ మాయిశ్చర్ కంటెంట్) అంటాం, అప్పుడు వచ్చే పొడి సాంద్రతని, అంటే నీళ్ళ బరువు తీసేసి లెక్కేసే సాంద్రతని, ఎండీడీ (మ్యాగ్జిమమ్ డ్రై డెన్సిటీ) అంటాం. 1933లో లాస్ ఏంజెలెస్ నీటి సరఫరా విభాగంలో పనిచేసే ప్రాక్టర్ అనే ఇంజినీరు మట్టి డ్యామ్‌ల కోసం ఇది తేల్చాడు, అందుకే ఇప్పటికీ అందరం ప్రాక్టర్ అనే పిలుస్తాం.

ముందు ఏ ప్రాక్టరో చూసుకోండి

మన దేశంలో రెండు రకాలు. మట్టి పరీక్షల భారతీయ కోడ్ ఐఎస్ 2720లో పార్ట్ 7 అంటే లైట్ కాంపాక్షన్: 2.6 కేజీల ర్యామర్, 310 మిల్లీమీటర్ల ఎత్తు నుంచి పడాలి, 3 పొరలు. పార్ట్ 8 అంటే హెవీ: 4.9 కేజీల ర్యామర్, 450 మిల్లీమీటర్లు, 5 పొరలు. రెంటికీ 1000 సీసీ మౌల్డ్ అయితే పొరకి 25 దెబ్బలు, 2250 సీసీ పెద్ద మౌల్డ్ అయితే 55. లెక్కేసి చూస్తే క్యూబిక్ మీటరు మట్టికి లైట్‌లో దాదాపు 593 కిలోజౌళ్ళు, హెవీలో 2700 కిలోజౌళ్ళు పడతాయి, అంటే నాలుగున్నర రెట్లు. కాబట్టి ఒకే మట్టికి హెవీలో ఎండీడీ ఎక్కువ వస్తుంది, ఓఎంసీ తక్కువ వస్తుంది.

నేషనల్ హైవే పనుల్లో మోర్త్ (కేంద్ర రోడ్డు రవాణా, హైవేల శాఖ) స్పెసిఫికేషన్ పార్ట్ 8నే అడుగుతుంది: సైట్‌లో రోలర్ తిప్పాక వచ్చే పొడి సాంద్రత, ఎండీడీలో కట్ట మట్టికి 95%, సబ్‌గ్రేడ్‌కీ (రోడ్డు పొరల కింద ఉండే పై మట్టి పొర) మట్టి షోల్డర్‌కీ (రోడ్డు పక్క అంచు) 97% తగ్గకూడదు. పల్లె రోడ్ల పనుల్లో లైట్ అడగడం కూడా ఉంది, అందుకని అగ్రిమెంటు తెరిచి చూసుకోండి, పక్క సైట్‌వాడిని అడిగి మొదలెట్టొద్దు. ఎందుకంత పట్టుబడుతున్నానంటే, పొరపాటున లైట్ చేసి దాని మీద 97% చూశారనుకోండి, సైట్‌లో ప్రతి టెస్టూ పాసైపోతుంది, అందరూ హ్యాపీ, రెండు వానాకాలాలు గడిచాక గుంతలు మొదలవుతాయి. కొలబద్దే పొట్టిదైతే అందరూ పొడుగ్గానే కనిపిస్తారు మరి.

మట్టి తేవడం, ఆరబెట్టడం

బారో ఏరియాలో (మట్టి తవ్వి తెచ్చే చోట) పైన గడ్డి, వేళ్ళు ఉన్న పొర తీసేసి, గోతిలో ఒకచోట కాకుండా నాలుగైదు చోట్ల నుంచి, పై నుంచి కింద దాకా గీకినట్టు తీయాలి. ఎర్ర గ్రావెల్ అనండి, మా తెలంగాణ వైపు మొరం అనండి, ఒకే గోతిలో రెండు మీటర్ల తేడాలో రంగు మారిపోతూ ఉంటుంది. రంగు కళ్ళకి కనిపించేంత మారితే అది వేరే శాంపిల్, వేరే ప్రాక్టర్. ప్రాక్టర్‌కి 30 కేజీలు చాలు, కానీ అదే మట్టికి సీబీఆర్ (మట్టి బలం చూసే టెస్ట్) కూడా చేస్తారు కాబట్టి నేనైతే రెండు బస్తాలు నింపి తెస్తాను, మళ్ళీ డీజిల్ ఎవరు కాలుస్తారు.

గోనె సంచిలో తెచ్చిన మట్టిని టార్పాలిన్ మీద పరిచి నీడలోనో పల్చటి ఎండలోనో ఆరనివ్వండి. తొందరపడి ఓవెన్‌లో పెట్టి ఎండబెట్టేస్తారు కొందరు, బంకమట్టి ఉంటే అలా చేయొద్దు, ఒకసారి బాగా వేడెక్కితే బంక గుణం మారుతుంది, నీళ్ళు పీల్చే తీరు కూడా మారుతుంది. గడ్డల్ని చెక్క సుత్తితోనో రబ్బరు సుత్తితోనో విడగొట్టండి, రాళ్ళు మాత్రం పగలకూడదు. తర్వాత 20 ఎంఎం జల్లెడ పట్టండి. జల్లెడ మీద మిగిలిన రాళ్ళని పారేసే ముందు తూకం వేసి రాసుకోండి, ఈ ఒక్క అంకె తర్వాత చాలా గొడవలు ఆపుతుంది. రాళ్ళ శాతం ఎక్కువగా ఉంటే 37.5 ఎంఎం జల్లెడ, 2250 సీసీ మౌల్డ్, పొరకి 55 దెబ్బలు, ఆ దారిలో వెళ్ళండి.

జల్లించిన మట్టిని కుప్ప పోసి నాలుగు భాగాలు చేసి ఎదురెదురు రెండు తీసుకుని కలపడం అందరికీ తెలిసిందే, బద్ధకించకుండా చేస్తే చాలు.

నీళ్ళ లెక్క: ఇక్కడ నెమ్మదిగా

ఒకే 5 కేజీల మట్టి తీసుకుని కొట్టి, పగలగొట్టి, నీళ్ళు పోసి, మళ్ళీ కొట్టే పద్ధతి పుస్తకంలో ఉంది, తప్పు కాదు. కానీ మొరంలో రాళ్ళు మెత్తగా ఉంటాయి, నాలుగోసారికి సగం పిండైపోతుంది, అప్పుడు మీరు టెస్ట్ చేసేది గోతిలో ఉన్న మట్టిని కాదు. నేను ఎప్పుడూ ఐదు వేరు వేరు సంచులు చేస్తాను, ఒక్కోదాంట్లో 3 కేజీలు. కోడ్ కూడా నలిగిపోయే మట్టికి వేరు వేరు భాగాలే వాడమంటుంది.

గాలికి ఆరిన మట్టిలో కూడా తేమ ఉంటుంది, దాన్ని చాలామంది సున్నా అనుకుని లెక్కేస్తారు. ముందురోజే కొంచెం మట్టి ఓవెన్‌లో పెట్టి చూడండి. ఒక మొరం శాంపిల్‌తో లెక్క చూపిస్తా, దీన్నే చివరిదాకా లాగుదాం. గాలికి ఆరిన తేమ 2.3% వచ్చింది. అంటే 3000 గ్రాముల్లో అసలు పొడి మట్టి 3000ని 1.023తో భాగిస్తే 2933 గ్రాములు, మిగతా 67 గ్రాములు నీళ్ళే. నాకు మొదటి పాయింటు 6% దగ్గర కావాలి. 2933లో 6% అంటే 176, అందులో 67 ఇప్పటికే ఉంది, కాబట్టి పోయాల్సింది 109 మిల్లీలీటర్లు. తర్వాత పాయింట్లు 8, 10, 12, 14 శాతాలకి వరసగా 167, 226, 285, 343 మిల్లీలీటర్లు. ఒక్కో మెట్టుకీ 59 దాకా పెరుగుతోంది చూశారా, ఒకసారి ఈ లెక్క పట్టుకుంటే ఇంక కాగితం కూడా అక్కర్లేదు.

ఎక్కడ మొదలెట్టాలి అంటే, ఇసుక, గ్రావెల్ మట్టికి హెవీలో 3 నుంచి 5% దగ్గర మొదలుపెట్టి 1 నుంచి 2% చొప్పున పెంచుతారు, బంకమట్టికి ప్లాస్టిక్ లిమిట్ (మట్టిని సన్నగా పురిలా చుడితే విరగడం మొదలయ్యే తేమ) కన్నా బాగా కింద మొదలుపెట్టి 2 నుంచి 4% చొప్పున. చేతి పరీక్ష కూడా ఉంది: పిడికిట్లో గట్టిగా నొక్కితే ముద్దయి, బొటనవేలితో తోస్తే రెండు ముక్కలుగా విరిగితే ఓఎంసీకి దగ్గర్లో ఉన్నట్టు. పొడిపొడిగా రాలితే పొడి వైపు, వేళ్ళకి అంటుకుంటే తడి వైపు. మా ల్యాబ్‌లో పాత అసిస్టెంట్ ఒకాయన మట్టి పిసికి "సార్, పది" అనేవాడు, ఓవెన్‌లో పెట్టి చూస్తే పదికి అటూఇటూ అరశాతం!

నీళ్ళు ఒకేసారి గుమ్మరించకండి, చిలకరిస్తూ, కలుపుతూ, గడ్డలు నలుపుతూ ట్రే మూలల్లో ఉన్న పొడి మట్టిని కూడా లాగుతూ కలపాలి. కలిపాక ప్లాస్టిక్ సంచిలో మూతి కట్టి పక్కన పెట్టండి. బంక ఉన్న మట్టికైతే 16 గంటలు తక్కువ కాకుండా, అంటే సాయంత్రం కలిపి మర్నాడు కొట్టాలి. ఇసుక మట్టికి ఇంత అక్కర్లేదు గానీ నేను మొరానికి కూడా రాత్రంతా ఉంచుతాను, ఎందుకంటే మొరంలో ఎంత బంక ఉందో మొదటిరోజు మనకి తెలీదు. నానకుండా కొడితే గడ్డ పైన తడి, లోపల పొడి, గ్రాఫ్ గీస్తే పాయింట్లు వంకరటింకరగా తిరుగుతాయి, అప్పుడు పిల్లలు "బెస్ట్ ఫిట్" అని వాళ్ళకి నచ్చిన గీత గీసేస్తారు.

మౌల్డ్, ర్యామర్ ఒకసారి తడిమి చూడండి

1000 సీసీ మౌల్డ్ లోపలి వ్యాసం 100 ఎంఎం, ఎత్తు 127.3 ఎంఎం. కొత్తగా కొన్నప్పుడు ఆ కొలత కరెక్టే, కానీ రోజూ దెబ్బలు తిని, స్ట్రెయిట్ ఎడ్జ్‌తో (తిన్నటి ఇనుప బద్ద) గీకించుకుని అంచు అరుగుతుంది. కాలిపర్‌తో మూడు చోట్ల కొలిచి అసలు సీసీ ఎంతో మౌల్డ్ మీదే పెయింట్‌తో రాసిపెట్టుకోండి. ర్యామర్ గొట్టంలో తడి మట్టి పేరుకుపోతే అది రాసుకుంటూ నెమ్మదిగా పడుతుంది, ఎత్తు 450 ఉన్నా దెబ్బ మాత్రం 450ది కాదు. ప్రతి మౌల్డ్ తర్వాతా గొట్టం తుడవండి.

ఇంకొకటి, మౌల్డ్ కింద ఏముందో చూడండి. ఒక సైట్‌లో మా కంటెయినర్ ల్యాబ్ ఫ్లోర్ ప్లైవుడ్‌ది, దాని మీదే కొట్టేవాళ్ళం, వారం రోజులు అనుమానం కూడా రాలేదు. సైట్‌లో సాంద్రత టెస్టులు ఎండీడీలో 102, 103% వస్తుంటే కాంట్రాక్టర్ మనుషులు మురిసిపోయారు, తీరా బయట కాంక్రీట్ దిమ్మె మీద పెట్టి మళ్ళీ కొడితే ఎండీడీ పెరిగింది. ప్లైవుడ్ స్ప్రింగ్‌లా ఊగుతూ సగం దెబ్బ తనే తినేసింది. అప్పటికే వేసిన పొరలన్నిటి రిజిస్టరూ మళ్ళీ తిరగేయాల్సొచ్చింది, ఆ తిట్లు ఇక్కడ రాయను.

కొట్టడం

ఖాళీ మౌల్డ్‌ని బేస్ ప్లేట్‌తో సహా తూచండి, కాలర్ (మౌల్డ్ మీద బిగించే అదనపు రింగు) లేకుండా. మన ఉదాహరణలో 4250 గ్రాములు. లోపల పల్చగా నూనె రాయండి, కాలర్ బిగించండి.

ఐదు పొరలు సమానంగా రావాలి, ఇక్కడే కొత్తవాళ్ళకి ఇబ్బంది. మొదటి రెండు పొరలు మందంగా వేసేసి చివరికి కాలర్‌లో పైకి అంగుళం మిగులుతుంది, లేదా తక్కువై మౌల్డ్ అంచు కనిపిస్తుంది. చిట్కా ఏంటంటే ఒక్కో పొరకి మట్టి తూచి వేయండి, ఇలాంటి మొరానికి 450 గ్రాముల దగ్గర మొదలుపెడితే దాదాపు సరిపోతుంది. కాలర్ తీశాక మౌల్డ్ పైన 6 ఎంఎం కన్నా ఎక్కువ ఉండకూడదు, ఎక్కువ ఉంటే ఆ మౌల్డ్ వదిలేసి మళ్ళీ కొట్టండి, ఎందుకంటే అదే దెబ్బలు ఎక్కువ మట్టికి పంచినట్టు అవుతుంది, సాంద్రత తగ్గిపోతుంది.

దెబ్బలు ఒకేచోట పడకూడదు, అంచు వెంట తిప్పుతూ, మధ్యలో కూడా వేస్తూ 25 పూర్తి చేయాలి. ర్యామర్‌ని పూర్తిగా పైకి లాగి వదిలేయండి, చేత్తో తోయొద్దు. గొట్టం నిటారుగా ఉండాలి. ఒక పొర అయ్యాక కత్తితో పైభాగం గీకి రెండోది వేయండి, లేకపోతే పొరలు అతుక్కోకుండా బిళ్ళలు బిళ్ళలుగా ఊడొస్తాయి. దెబ్బలు బయటికి లెక్కపెట్టించండి, ఫోన్ మోగితే ఎక్కడున్నామో మర్చిపోతాం.

కాలర్‌ని లాగకుండా తిప్పి తీయండి, స్ట్రెయిట్ ఎడ్జ్‌తో మధ్య నుంచి అంచులకి కొంచెం కొంచెంగా చెక్కండి. రాయి ఊడొచ్చి గుంత పడితే అదే మట్టి మెత్తది నింపి నొక్కండి. బయట అంటుకున్న మట్టి తుడిచి తూచండి. మన ఐదు మౌల్డ్‌ల తూకాలు వరసగా 6262, 6359, 6437, 6448, 6423 గ్రాములు. ఐదోది నాలుగోదాని కన్నా తగ్గింది కదా, అదే ఆపమని గుర్తు. తగ్గే దాకా కొట్టాల్సిందే, కనీసం ఐదు పాయింట్లు ఉండాల్సిందే.

తేమ తీయడం

జాక్‌తో మట్టి ముద్దని బయటికి తోసి, నిలువుగా చీల్చి, పైన, మధ్య, కింద నుంచి తీసుకోండి. పై నుంచి ఒక చెంచా గీకి డబ్బాలో వేస్తే ఫ్యాన్ గాలికి ఆరిన మట్టి తేమ వస్తుంది. ఎంత తీసుకోవాలి? 20 ఎంఎం రాళ్ళున్న మట్టికి అరకిలో దాకా కావాలి. చిన్న డబ్బాలో 40 గ్రాములు పెట్టి అందులో ఒక గులకరాయి పడిందనుకోండి, మీరు కొలిచేది ఆ రాయి తేమని.

మూడో మౌల్డ్ చూద్దాం: ట్రే 182 గ్రాములు, తడి మట్టితో 731, ఓవెన్ తర్వాత 682. నీళ్ళు 49, పొడి మట్టి 500, తేమ 9.8%. ఓవెన్ 105 నుంచి 110 డిగ్రీల మధ్య, 24 గంటలు. "పొద్దున్నే రిపోర్టు కావాలి" అని ఎవరో ఫోన్ చేశారని రాత్రి పెట్టి పొద్దున్నే తీయకండి, తీయాల్సొస్తే గంట తర్వాత మళ్ళీ తూచి తూకం మారలేదని చూసుకోండి. దీని విలువ ఎంతో చెప్తా: 9.8 బదులు 8.8 అని వచ్చిందనుకోండి, పొడి సాంద్రత 1.992 కాస్తా 2.010 అయిపోతుంది. 97% గీత 1.93 నుంచి 1.95కి జరుగుతుంది. సైట్‌లో 1.94 వచ్చిన పొర పాస్ అవ్వాల్సింది ఫెయిల్ అవుతుంది, రోలర్ మళ్ళీ తిప్పిస్తారు, ఇదంతా ఓవెన్‌లో కొన్ని గంటల తేడాకి.

లెక్క, గ్రాఫ్

తడి సాంద్రత అంటే మౌల్డ్‌లోని మట్టి తూకాన్ని సీసీతో భాగించడం. దాన్ని ఒకటి ప్లస్ తేమతో భాగిస్తే పొడి సాంద్రత. మూడోదానికి 6437లో 4250 తీస్తే 2187, అంటే 2.187, దాన్ని 1.098తో భాగిస్తే 1.992 గ్రాములు పర్ సీసీ. ఇలా మొత్తం:

తేమ 5.9% – 1.900
తేమ 7.9% – 1.955
తేమ 9.8% – 1.992
తేమ 11.7% – 1.968
తేమ 13.6% – 1.913

గమనించారా, తడి తూకం నాలుగో మౌల్డ్‌లో ఎక్కువ, పొడి సాంద్రత మాత్రం మూడోదాంట్లో ఎక్కువ. తూకం చూసి "నాలుగోదే పీక్" అని రాసేవాళ్ళని చూశాను, నాలుగోదాంట్లో ఎక్కువైంది నీళ్ళు, మట్టి కాదు.

అడ్డంగా తేమ, నిలువుగా పొడి సాంద్రత పెట్టి నున్నగా గీత గీయండి, స్కేలుతో కలపొద్దు. శిఖరం ఇక్కడ 10% దగ్గర 1.99. ఎండీడీని 0.01 దాకా రాస్తే చాలు, ఎక్సెల్ ఇచ్చిందని నాలుగు దశాంశాలు రాస్తే టెస్ట్ గొప్పదైపోదు. శిఖరానికి రెండువైపులా కనీసం రెండేసి పాయింట్లు ఉన్నాయో లేదో చూసుకోండి.

గ్రాఫ్ మీద ఇంకో గీత కూడా గీయండి, అదే జీరో ఎయిర్ వాయిడ్స్ లైన్, అంటే మట్టిలో గాలి అస్సలు లేకపోతే వచ్చే సాంద్రత. మట్టి స్పెసిఫిక్ గ్రావిటీ (రేణువులు నీళ్ళకన్నా ఎన్ని రెట్లు బరువో చెప్పే అంకె) 2.68 అయితే 13.6% తేమకి ఆ గీత 1.96 దగ్గర ఉంటుంది, మనది 1.91, గీతకి కిందే ఉంది, బాగుంది. ఏ పాయింటైనా ఆ గీత దాటి పైకి వెళ్ళిందంటే అది అసాధ్యం, తూకమో తేమో స్పెసిఫిక్ గ్రావిటీయో ఎక్కడో తప్పింది. టేబుల్ దగ్గర కూర్చుని నింపిన రిపోర్టుల్ని పట్టుకోవడానికి కూడా ఇదే బెస్ట్, కల్పించేవాళ్ళకి ఈ గీత గుర్తుండదు.

1.99 అంటే 19.5 కిలోన్యూటన్లు పర్ క్యూబిక్ మీటర్, సబ్‌గ్రేడ్‌కి మోర్త్ అడిగేది 17.5 తక్కువ కాకుండా, కాబట్టి సాంద్రత పరంగా ఓకే. 3 మీటర్ల లోపు కట్టకి 15.2, అంతకన్నా ఎత్తైనా, వరద నీళ్ళు నిలిచే చోటైనా 16.0.

నల్లరేగడి వస్తే

కర్నూలు, ప్రకాశం, ఆదిలాబాద్ వైపు పనులు చేసేవాళ్ళకి ఇది తప్పదు. ప్రాక్టర్ కన్నా ముందు ఫ్రీ స్వెల్ ఇండెక్స్ (నీళ్ళలో మట్టి ఎంత ఉబ్బుతుందో), లిక్విడ్ లిమిట్ (మట్టి జారిపోయేంత పల్చబడే తేమ) చేయండి. స్వెల్ 50% దాటినా, లిక్విడ్ లిమిట్ 70, ప్లాస్టిసిటీ ఇండెక్స్ (లిక్విడ్ లిమిట్‌లోంచి ప్లాస్టిక్ లిమిట్ తీస్తే వచ్చేది) 45 దాటినా ఆ మట్టిని ఫిల్లింగ్‌కి వాడనివ్వరు, అలాంటప్పుడు రెండు రోజులు కష్టపడి కొట్టి ఏం లాభం. వాడుకోదగ్గ రేగడికి నానబెట్టడం అస్సలు వదలొద్దు, గడ్డలు బాగా చిన్నగా చేయాలి. ర్యామర్ అడుగుకి అంటుకుంటూ ఉంటుంది, ప్రతి ఐదారు దెబ్బలకి గీకుతూ ఉండండి.

అంకె సైట్‌కి వెళ్ళాక

రిపోర్టులో ఎండీడీ, ఓఎంసీ రెండే రాసి పంపకండి. ఏ పార్ట్ ప్రకారం, ఏ మౌల్డ్, 20 ఎంఎం మీద ఎంత శాతం రాయి, ఏ గోతి, మట్టి రంగు, అన్నీ రాయండి. ట్యాంకర్‌వాడికి కావాల్సిన అంకె వేరే: మోర్త్ స్పెసిఫికేషన్ ఓఎంసీకి 1% పైన నుంచి 2% కింద దాకా ఒప్పుకుంటుంది, మన మొరానికి 8 నుంచి 11% అన్నమాట. మే నెల ఎండల్లో నీళ్ళు కొట్టాక గ్రేడర్ కలిపేలోపే శాతం పోతుంది కాబట్టి పై అంచు దగ్గర ఉంచమని చెప్పండి.

సైట్‌లో కార్బైడ్ ర్యాపిడ్ మాయిశ్చర్ మీటర్ వాడుతుంటే ఒక మెలిక ఉంది. అది చూపించేది తడి మట్టి తూకంలో శాతం, మనకి కావాల్సింది పొడి మట్టి మీద. మీటర్ 9 చూపిస్తే 9ని 91తో భాగించాలి, అంటే 9.9%. ఈ మార్పు చేయకపోతే సైట్ పొడి సాంద్రత ఉన్నదానికన్నా ఎక్కువ కనిపిస్తుంది.

శాండ్ రీప్లేస్‌మెంట్‌లో (సైట్ పొరలో గుంత తీసి, ఇసుకతో నింపి సాంద్రత కొలిచే టెస్ట్) 1.94 వస్తే 1.94ని 1.99తో భాగిస్తే 97.5%, పాస్. 104% వచ్చిందా? సంతకం పెట్టకుండా ఆ గుంతలోంచి తీసిన మట్టినే ల్యాబ్‌కి తీసుకెళ్ళండి. ముందు 20 ఎంఎం జల్లెడ పట్టి రాళ్ళు తూచండి, మొదటి రోజు రాసుకున్న శాతంతో పోల్చండి, సగం సార్లు తేడా అక్కడే దొరుకుతుంది. రాళ్ళు సమానంగానే ఉంటే ఆ మట్టిని ఓఎంసీకి కొంచెం పొడి వైపు తేమలో ఒక్క మౌల్డ్ కొట్టి మీ పాత గ్రాఫ్ మీద చుక్క పెట్టండి. చుక్క గీత మీద పడితే మట్టి పాతదే, శాండ్ కాలిబ్రేషన్ మళ్ళీ చూసుకోండి. గీతకి బాగా పైన పడితే గోతిలో మట్టి మారిపోయింది, టిప్పర్లు ఆపించి కొత్త బస్తా తెప్పించి ఐదు సంచులూ మళ్ళీ కలపడమే.